సోమవారం డీసీఆర్

మా ఇంట్లో సినిమా బాగుందా అని ఎవరూ అడిగేవారు కాదు, ఎంత చేసిందనే అడిగేవారు. మా బాబాయ్ విజయవాడ గాంధీనగర్‌లో ఉన్న ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రెప్రజెంటేటివ్‌గా పనిచేయడమే అందుకు కారణం. ఆఫీసు కొన్న సినిమా ఏ ఊళ్లో పడితే ఆ ఊరికి ప్రింటుతో పాటు వెళ్లి, థియేటర్లో తెగిన ప్రతి టికెట్టుకూ లెక్క చూసుకొని, సెకండ్ షో బుకింగ్ మూసేశాక ఆ రోజు వసూళ్ల కాగితం మీద మేనేజరు చేత సంతకం పెట్టించి ఆఫీసుకు పంపడం ఆయన ఉద్యోగం. ఆ కాగితాన్ని డైలీ కలెక్షన్ రిపోర్టు అనాలి గానీ, గేటు దగ్గర టికెట్లు చింపేవాడి నుంచి నిర్మాత దాకా అందరికీ అది డీసీఆరే. 1980ల చివర్లో, కాలేజీ సెలవుల్లో, ఆయన వెంట కోస్తా జిల్లాల బి సెంటర్లు, అంటే చిన్న పట్టణాలు, తిరిగిన కాలం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. అందులోనూ క్రైమ్ థ్రిల్లర్ పడిన వారాలు విడిగా గుర్తుండిపోయాయి, ఎందుకంటే వాటి డీసీఆర్ మిగతా సినిమాల డీసీఆర్‌లా ఉండేది కాదు.

ఆ కాగితంలో ఎడమ పక్కన తరగతుల వరస ఉండేది: నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ. ప్రతి తరగతికీ ఎదురుగా ఆట మొదట్లో టికెట్ పుస్తకంలో ఉన్న నంబరు, బుకింగ్ మూసేటప్పటి నంబరు, రెండింటికీ తేడా, ఆ తేడాను రేటుతో హెచ్చవేయగా వచ్చిన మొత్తం రాయాలి. నాలుగు ఆటలూ కూడితే గ్రాస్. అందులోంచి వినోదపు పన్ను పోతే నెట్. నెట్‌లోంచి థియేటర్ అద్దె పోగా మిగిలేది షేర్. సినిమా కొన్నవాడికి దక్కేది ఆ చివరి అంకె ఒక్కటే. అద్దె కూడా రాని రోజున షేర్ గడిలో మైనస్ గుర్తు పడేది, దాన్ని డెఫిసిట్ అనేవారు. కార్బన్ కాగితాలు పెట్టి రాసేవారు కాబట్టి అడుగు కాపీలో అంకెలు అలుక్కుపోయి మూడుకూ ఎనిమిదికీ తేడా తెలిసేది కాదు. ఆ కాపీని బుకింగ్ గదిలోని బల్బుకు ఎదురుగా పట్టుకొని కూడికలు సరిచూడడం నా పని. కామర్స్ చదువుకు అంతకన్నా మంచి ప్రాక్టికల్స్ నాకు ఇంకెక్కడా దొరకలేదు.

పెద్ద హీరో సినిమా డీసీఆర్‌ను మొదటి రోజు చూస్తే తెలుసుకోవడానికి ఏమీ ఉండదు. అన్ని తరగతులూ నిండి ఉంటాయి, హాలు కెపాసిటీ ఎంతో గ్రాస్ కూడా అంతే ఉంటుంది. సినిమా బాగున్నా బాగోకపోయినా ఆ రోజుకు ఆ అంకె మారదు. క్రైమ్ థ్రిల్లర్‌ది వేరే దారి. శుక్రవారం మార్నింగ్ షోకు కుర్చీ తరగతిలో అక్కడొకరు ఇక్కడొకరు కూర్చునేవారు, నేల దాదాపు ఖాళీ. మ్యాట్నీ అంతకన్నా పలచగా ఉండేది, ఎందుకంటే ఆ రోజుల్లో మ్యాట్నీని నిలబెట్టేది ఆడవాళ్లు, హత్యల సినిమాకు వాళ్లు మొదటి రోజే రారు. ఫస్ట్ షోకు కాస్త కదలిక కనబడేది. సెకండ్ షోకు మాత్రం, సినిమాలో ఏ కొంచెం పస ఉన్నా, కుర్చీ తరగతి నిండేది. దుకాణాలు కట్టేసి వచ్చేవాళ్లు, హాస్టలు కుర్రాళ్లు, అద్దె పుస్తకాల షాపు నుంచి డిటెక్టివ్ నవల తెచ్చుకొని ఒక్క రాత్రిలో చదివేసి మర్నాడు తిరిగిచ్చేసేవాళ్లు, వీళ్లే ఆ సినిమాకు అసలు ప్రేక్షకులు. వాళ్లు హీరో ఎవరని అడగరు, ముగింపు ముందే తెలిసిపోతుందా లేదా అన్నదొక్కటే అడుగుతారు.

శనివారం లెక్క శుక్రవారం కన్నా పెరిగితే సినిమాకు ప్రాణం ఉన్నట్టే. ఆదివారం ఏ సినిమాకైనా జనం వస్తారు కనుక ఆ రోజు అంకెను బాబాయ్ పెద్దగా పట్టించుకునేవారు కాదు. ఆయన కళ్లన్నీ సోమవారం మీదే. ఆదివారం మీద సోమవారం సగానికి పైగా నిలబడితే రెండో వారం అడగొచ్చని, మూడో వంతుకు పడిపోతే మంగళవారానికల్లా తర్వాతి సినిమా పోస్టర్లు అంటించుకోవచ్చని ఆయన లెక్క. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. ఎన్నో ఊళ్లు తిరిగి, ఎన్నో సినిమాలు మునగడం చూసి ఆయన తనకు తానుగా కట్టుకున్న సూత్రం. ఇప్పుడు వెబ్‌సైట్లన్నీ సోమవారం పరీక్ష అని శీర్షికలు పెడుతుంటే, ఆ పరీక్షకు ఆయన ఏనాడో కొలబద్ద తయారు చేసుకున్నారని నాకు అనిపిస్తుంటుంది.

అంకెలు రావడానికి ముందే సినిమా సంగతి చెప్పగలిగే చోటు ఒకటుంది. అది ఆట వదిలినప్పుడు జనం బయటికి వచ్చే గేటు. ఆట ముగిసే వేళకు బాబాయ్ నన్ను అక్కడ నిలబెట్టేవారు. "ఏరా, వాళ్లేం మాట్లాడుకుంటున్నారో విను, నువ్వేమీ అడగకు" అనేవారు. మాటలకు రకాలుండేవి. పాటల గురించో హాస్యం గురించో మాట్లాడుకుంటూ వస్తే సినిమా మామూలుగా ఆడుతుందని అర్థం. ఎవరూ ఏమీ మాట్లాడకుండా సైకిళ్లు తీసుకొని వెళ్లిపోతే ఆ సినిమా అయిపోయినట్టే. నలుగురు గుంపుగా నిలబడి, ఫలానా సీనులో ఆ తలుపు ముందే తెరిచి ఉంది కదా, మరి వాడు లోపలికి ఎప్పుడు వెళ్లినట్టు అని వాదించుకుంటే మాత్రం బాబాయ్ ముఖం వెలిగిపోయేది. ఆ వాదన ఇంటికి వెళ్తుంది, మర్నాడు ఆఫీసుకు వెళ్తుంది, తేల్చుకోవడానికి ఇంకో ఇద్దరిని థియేటరుకు పంపుతుంది. లాజిక్ దొరకని చోటు ఒకటి ఉండడం థ్రిల్లర్‌కు నష్టమని విమర్శకులు అంటారు. ఒక్కటి ఉంటే లాభమేనని, రెండు ఉంటే మాత్రం నష్టమని బాబాయ్ నవ్వుతూ అనేవారు.

ఆ గేటు దగ్గర ఒక ప్రమాదం కూడా ఉండేది. బయటికి వచ్చేవాళ్లూ తర్వాతి ఆటకు క్యూలో నిలబడినవాళ్లూ ఎదురుపడే థియేటర్లలో, చంపింది ఎవరో ఎవడో ఒకడు గట్టిగా అరిచేవాడు. వాడికి అదో సరదా. క్యూలో సగం మంది నవ్వేవారు, సగం మంది తిట్టేవారు, ఇద్దరో ముగ్గురో క్యూ వదిలి వెళ్లిపోయేవారు. అందుకే థ్రిల్లర్ ఆడే వారంలో వెనక గేటు తెరిపించి జనాన్ని అటు పంపించమని బాబాయ్ మేనేజరు గారితో పట్టుబట్టేవారు. 1960లో హిచ్‌కాక్ ‘సైకో’ విడుదల చేసినప్పుడు ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వకూడదని థియేటర్లకు షరతు పెట్టాడని నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను. రహస్యం కాపాడితే టికెట్లు తెగుతాయన్న సంగతి బాబాయ్‌కి ఏ దర్శకుడూ చెప్పలేదు, గేటు దగ్గర నిలబడి తెలుసుకున్నారు.

ఇక్కడ ఆనాటి విడుదల పద్ధతి గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆ సినిమాలు మా ఊళ్లలో ఎందుకు తడబడేవో నేటివాళ్లకు అర్థం కాదు. ఒక్కో ప్రింటుకు అయ్యే ఖర్చు ఎక్కువ కావడం వల్ల సినిమాకు కొన్ని పదుల ప్రింట్లే తీసేవారు. అవి మొదట విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, రాజమండ్రి వంటి ఎ సెంటర్లలో ఆడి, అక్కడ నెమ్మదించాక బి సెంటర్లకు, ఆ తర్వాత గీతలు పడి, అతుకులు పడి ఇంకా చిన్న ఊళ్లయిన సి సెంటర్లకు వచ్చేవి. ప్రేమకథకో కుటుంబ కథకో ఈ ఆలస్యం వల్ల మేలే జరిగేది. పాటలు రేడియోలో మోగుతూ, బాగుందన్న మాట ముందే చేరి, ప్రింటు వచ్చేసరికి జనం సిద్ధంగా ఉండేవారు. హత్యా రహస్యం ఉన్న సినిమాకు అదే ఆలస్యం శాపం. ప్రింటు ఇంకా విజయవాడలో ఉండగానే హంతకుడు బస్సెక్కి మా ఊళ్లకు వచ్చేసేవాడు. పట్నంలో చదువుకునే కుర్రాడు సెలవుకు ఇంటికి వచ్చి ముగింపు చెప్పేవాడు, మార్కెట్టు పని మీద వెళ్లిన షావుకారు చూసివచ్చి చెప్పేవాడు. ఎ సెంటర్‌లో బ్రహ్మాండంగా ఆడిన థ్రిల్లర్ సి సెంటర్‌లో మూడు రోజులకే ఎత్తివేయడం వెనక సినిమా లోపం కన్నా ఈ ప్రయాణ వేగాల తేడాయే ఎక్కువగా పనిచేసిందని నా గట్టి నమ్మకం. రహస్యం ప్రింటు కన్నా వేగంగా వెళ్లేది.

ఆ శాపానికి ఆనాటి నిర్మాతలు కనిపెట్టిన విరుగుడు పాట. 1985లో వంశీ దర్శకత్వంలో వచ్చిన ‘అన్వేషణ’ను ఇందుకు ఉదాహరణగా చెప్పుకోవాలి. కార్తీక్, భానుప్రియ నటించిన ఆ సినిమా అడవిలో జరిగే హత్యల చుట్టూ తిరిగే శుద్ధ సస్పెన్స్ కథ. అయినా ఇళయరాజా పాటలు, నేపథ్య సంగీతం దానికి రెండో ప్రాణం పోశాయి. హంతకుడెవరో తెలిసినవాళ్లు కూడా ఆ పాటల కోసం, ఆ అడవి చిత్రీకరణ కోసం మళ్లీ వచ్చి కూర్చోవడం నేను చూశాను. థ్రిల్లర్‌లో పాటలెందుకు, కథకు అడ్డం కదా అని ఇప్పుడు తేలిగ్గా అనేస్తాం. ఆ రోజుల్లో ఆ పాటలే ఆ సినిమాను బి, సి సెంటర్లలో వారం దాటించేవి.

రీళ్ల ముచ్చట కూడా చెప్పుకోవాలి. 1000 అడుగుల రీలు తెర మీద దాదాపు 11 నిమిషాలు నడుస్తుంది, మన సినిమాలకు అలాంటివి 14 నుంచి 16 దాకా ఉండేవి. ప్రింట్లు చాలనప్పుడు ఒకే ప్రింటును దగ్గర దగ్గర ఉన్న రెండు థియేటర్లలో అరగంటో ముప్పావుగంటో తేడాతో ఆడించేవారు. ఇక్కడ అయిపోయిన రీళ్లను డబ్బాల్లో పెట్టి సైకిలు మీద అక్కడికి తీసుకువెళ్లేవారు. ఒక రాత్రి సెకండ్ షోలో చివరి డబ్బా రాలేదు. మా థియేటరు రెండోది. తెర మీద కథానాయిక ఒక గది తలుపు తోసి, లోపల ఉన్నవాణ్ని చూసి కెవ్వుమని అరిచింది, అంతే, తెర తెల్లబడింది. మొదట ఈలలు, తర్వాత కేకలు. ఆపరేటర్ కిటికీలోంచి తల బయటపెట్టి దండం పెట్టాడు. లైట్లు వేశారు. అప్పుడు జరిగిందే నేను మరిచిపోలేనిది. జనం లేచి వెళ్లిపోతారని మేనేజరు గారు కంగారు పడుతుంటే, కుర్చీ తరగతిలో ఉన్నవాళ్లు వెనక్కి తిరిగి బెంచీ వాళ్లతో పందేలు మొదలుపెట్టారు. డాక్టరని ఒకడు, తమ్ముడని ఒకడు, అసలు చనిపోయినవాడే చనిపోలేదని ఇంకొకడు. సైకిలు గొలుసు ఊడిపోయిన కుర్రాడు చెమటలు కక్కుతూ డబ్బాతో వచ్చేదాకా ఒక్కరూ కదల్లేదు, డబ్బులు వాపసు ఇమ్మని ఒక్కరూ అడగలేదు. మర్నాడు ఆ ఊళ్లో సినిమా గురించి కన్నా ఆ పందేల గురించే ఎక్కువ మాట్లాడుకున్నారు. ఆ రోజు మ్యాట్నీకి, ఎన్నడూ లేనిది, ఆడవాళ్లు క్యూ కట్టారు.

ఆడని సినిమాలే ఎక్కువ, ఆ సంగతి దాచడం ఎందుకు. ఒక చిన్న సినిమా, కొత్త ముఖాలు, పెద్దగా పబ్లిసిటీ లేదు. శుక్రవారం నాలుగు ఆటలూ కలిపినా అద్దెలో సగం కూడా రాలేదు. శనివారం ఉదయమే ఆఫీసు నుంచి ట్రంక్ కాల్ వచ్చింది, ఆదివారం రాత్రికి ప్రింటు ఎత్తేసి వేరే ఊరికి పంపమని. బాబాయ్ ఆ ఫోన్లో చెప్పిన మాటలు నాకు గుర్తున్నాయి: "అయ్యా, అంకె చిన్నదే, నేను కాదనను. కానీ రాత్రి సెకండ్ షో మార్నింగ్ షోకు మూడింతలుంది. ఇది పెరిగే సినిమా. సోమవారం దాకా ఉండనివ్వండి." అవతలివారు ఒప్పుకోలేదు. డెఫిసిట్ పెరిగే కొద్దీ ఎవరి జేబులోంచి పోతుందో వాళ్లకు తెలుసు, వాళ్ల లెక్క వాళ్లది. శనివారం సెకండ్ షోకు కుర్చీలు నిండాయి, ఆదివారం ఫస్ట్ షోకు హౌస్‌ఫుల్ బోర్డు బయటికి తీశారు, ఆ రాత్రే ప్రింటు బస్సు మీదికి ఎక్కింది. సోమవారం ఆ థియేటర్లో ఏదో పాత సినిమా పడింది. ఆ నిర్మాత తర్వాత మళ్లీ సినిమా తీసినట్టు నేను వినలేదు.

నేర కథలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదని కూడా నాకు అప్పుడే అర్థమైంది. 1989 అక్టోబర్ 5న ‘శివ’ విడుదలైంది. రామ్ గోపాల్ వర్మ మొదటి సినిమా. అందులో నేరం ఉంది, హింస ఉంది, భయం ఉంది, కానీ దాచిపెట్టిన పేరు లేదు. ఎవడు దుర్మార్గుడో మొదటి నుంచీ తెలుసు. అందుకని చూసినవాళ్లే మళ్లీ మళ్లీ వచ్చారు. కాలేజీ కుర్రాళ్లు రెండోసారి వస్తూ చూడనివాళ్లను వెంటబెట్టుకొని వచ్చేవారు. రిపీట్ ఆడియన్స్ ఉన్న సినిమాకు డీసీఆర్‌లో నేల, బెంచీ తరగతులు రెండో వారంలో కూడా తగ్గవు. హంతకుడెవరన్న ప్రశ్న మీద నిలబడ్డ సినిమాకు ఒక్కో ప్రేక్షకుడు ఒక్క టికెట్టే కొంటాడు. ఎవరన్నది ముందే చెప్పేసి, ఎలా తప్పించుకుంటాడన్న దాని మీద నిలబడ్డ సినిమాకు వాడే రెండు మూడు కొంటాడు, పైగా ఇంటిల్లిపాదినీ తెస్తాడు.

ఈ తేడాను ‘దృశ్యం’ రుజువు చేసినంత స్పష్టంగా మరే సినిమా చేయలేదు. 2013 డిసెంబర్‌లో మలయాళంలో జీతూ జోసెఫ్ తీసిన ఆ కథ 2014 జూలై 11న వెంకటేష్‌తో తెలుగులోకి వచ్చింది. అందులో నేరం మన కళ్ల ముందే జరుగుతుంది. ప్రేక్షకుడు పోలీసుల పక్షాన కాకుండా దాచేవాడి పక్షాన కూర్చుంటాడు. బాబాయ్ అప్పటికి ఉద్యోగం మానేసి చాలా ఏళ్లయింది. సినిమా చూసి వచ్చి, ఇది మ్యాట్నీ థ్రిల్లర్ అన్నారు. హత్య ఉన్న సినిమాకు మధ్యాహ్నం ఆటలో ఆడవాళ్లు నిండడం ఆయనకు అంత అపురూపం. దాని రెండో భాగం కథ ఇంకా విచిత్రం. మలయాళంలో 2021 ఫిబ్రవరిలో, తెలుగులో అదే ఏడాది నవంబర్ 25న నేరుగా ఓటీటీలో వచ్చింది. థియేటర్ వసూళ్లన్న మాటే లేదు. అదే కథ హిందీలో 2022 నవంబర్ 18న థియేటర్లలో విడుదలై, దేశంలో 200 కోట్ల నెట్ దాటింది. మలయాళం వెర్షన్ అందరి ఫోన్లలో అందుబాటులోకి వచ్చి అప్పటికి 21 నెలలు. ముగింపు తెలిస్తే టికెట్లు తెగవన్న పాత సూత్రం ఇలాంటి చోట పనిచేయదు.

2003లో నేను సొంతంగా లెక్కలు రాసుకునే వయసుకు వచ్చేశాను, ఉద్యోగం వేరే అయినా. ఆ ఏడాది చంద్రశేఖర్ యేలేటి తీసిన ‘ఐతే’ వచ్చింది. పేరున్న హీరో లేడు, డ్యూయెట్లు లేవు, నిరుద్యోగులైన కుర్రాళ్లు డబ్బు కోసం ఒక నేరంలోకి దిగే కథ. దానికి తర్వాత ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం కూడా వచ్చింది. మాట మీద మాటగా జనం పెరిగిన సినిమా అది. అదే ఏడాది జూలైలో హైదరాబాద్‌లో ప్రసాద్స్ మల్టీప్లెక్స్ తెరుచుకుంది. ఈ రెండింటికీ సంబంధం లేదనిపించవచ్చు గానీ, నా దృష్టిలో చాలా ఉంది. ఎనిమిది వందల సీట్ల ఒంటి తెర థియేటర్లో శుక్రవారం ఎనభై మంది కూర్చుంటే అది డెఫిసిట్. రెండు వందల సీట్ల స్క్రీన్‌లో అదే ఎనభై మంది గౌరవమైన ఆక్యుపెన్సీ. టాక్ బాగుంటే శనివారానికి ఆటలు పెంచుతారు, ఆదివారానికి ఇంకో స్క్రీన్ ఇస్తారు. పెరిగే సినిమాకు పెరగడానికి చోటు దొరికింది. ఆ తర్వాతి పదిహేనేళ్లలో తెలుగులో థ్రిల్లర్లు అన్నేసి రావడానికి దర్శకుల ప్రతిభ ఒక కారణమైతే, ఈ చిన్న స్క్రీన్లు ఇంకో కారణం.

2016 ఫిబ్రవరిలో వచ్చిన ‘క్షణం’ అలా పెరిగినదే. చిన్న బడ్జెట్, పెద్ద టాక్. ఆ కథనే తీసుకొని హిందీలో ‘బాఘీ 2’ చేశారు, ఫైట్లు కలిపారు, 2018 మార్చి 30న విడుదలైతే మొదటి రోజే దాదాపు 25 కోట్లు వచ్చాయి. తప్పిపోయిన పాప గురించిన అదే ప్రశ్న ఒకచోట వారం పొడవునా మెల్లగా టికెట్లు తెంచింది, ఇంకోచోట హీరో కండలు చూడడానికి వచ్చినవాళ్లకు ఇంటర్వెల్ దాకా కాలక్షేపమైంది. కథ ఒక్కటే అయినా డీసీఆర్ ఆకారం మారిపోయింది. నాకు మొదటిదే నచ్చుతుందని వేరే చెప్పక్కర్లేదు.

2019 మరో మంచి సంవత్సరం. జూన్ 21న ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’, ఆగస్టు 2న ‘రాక్షసుడు’, ఆగస్టు 15న ‘ఎవరు’. చివరిదానికి మంచి మాట వచ్చినా, ఆగస్టు 30న ఒక భారీ సినిమా వస్తుందని అందరికీ ముందే తెలుసు. చేతిలో ఉన్నది రెండు వారాలు. మెల్లగా పెరిగే సినిమాకు విడుదల తేదీ ఎంచుకోవడమంటే మొదటి శుక్రవారం ఎదురుగా ఏ సినిమా ఉందో చూసుకుంటే చాలదు, మూడో శుక్రవారం ఏది వస్తుందో కూడా చూసుకోవాలి. 2020 ఫిబ్రవరి 28న వచ్చిన ‘హిట్’ మొదటి భాగానికైతే ఆ మూడో వారం అసలు మిగల్లేదు, మార్చి మధ్యలో కోవిడ్ వల్ల థియేటర్లే మూతపడ్డాయి. అయినా ఆ పేరు బతికింది. 2022 డిసెంబర్ 2న రెండో భాగం, 2025 మే 1న నానితో మూడో భాగం వచ్చాయి. మూడోదానికి ఎ సర్టిఫికెట్ వచ్చింది, అంటే పిల్లలతో వచ్చే కుటుంబాలు లెక్కలోంచి పోయినట్టే. అయినా ప్రపంచవ్యాప్తంగా 100 కోట్ల గ్రాస్ దాటిందని నిర్మాతలు ప్రకటించారు. క్రైమ్ థ్రిల్లర్‌కు పుట్టుకతోనే లేని ఓపెనింగ్‌ను సిరీస్ పేరూ స్టార్ పేరూ కలిసి తెచ్చిపెట్టాయి. ఆ మొదటి రోజు బుకింగ్ చూస్తే అది థ్రిల్లర్ లెక్కలా లేదు, హీరో సినిమా లెక్కలా ఉంది.

ఇప్పుడు రహస్యం బస్సుల్లో ప్రయాణం చేయడం లేదు. అమెరికాలో గురువారం సాయంత్రం ప్రీమియర్లు ముగిసేసరికి ఇక్కడ శుక్రవారం తెల్లవారుతుంది, మనం మార్నింగ్ షోకు బయల్దేరే లోపే ట్విస్టు బాగుందో లేదో ఫోన్లోకి వచ్చేస్తుంది. ప్రింట్లు పోయి ఫైళ్లు వచ్చాయి కనుక ఎ, బి, సి సెంటర్ల తేడా లేకుండా ఒకే రోజు విడుదల. ఆ రకంగా బి సెంటర్‌కు న్యాయం జరిగింది. కానీ ముప్పై రోజుల్లో ఇంట్లోనే చూడొచ్చని తెలిసిన ప్రేక్షకుడు, ముగింపు ఎవరూ చెప్పకుండా నెల రోజులు చెవులు మూసుకోగలిగితే, థియేటరుకు రావలసిన పనే లేదు. లెక్క పద్ధతి కూడా మారింది. 2017 జూలై 1 నుంచి వినోదపు పన్ను స్థానంలో జీఎస్టీ వచ్చింది, టికెట్లు కంప్యూటరులో తెగుతున్నాయి, కార్బన్ కాగితం పోయింది. పోస్టర్ల మీద మాత్రం ఎప్పుడూ గ్రాసే వేస్తారు. షేర్ వేసిన పోస్టరు నేను ఇంతవరకు చూడలేదు. గ్రాస్ చూపించి గొప్ప చెప్పుకునేవాణ్ని చూస్తే బాబాయ్ జీతం చెప్పి అప్పులు దాచేవాడితో పోల్చేవారు.

2025 మే నెలలో తెలుగు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు, అంటే థియేటర్లు నడిపేవాళ్లు, అద్దె పద్ధతి తమకు వద్దని, వసూళ్లలో శాతం కావాలని, లేకపోతే జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామని అన్నప్పుడు నాకు మళ్లీ ఆ పాత డీసీఆర్‌లే గుర్తొచ్చాయి. మూసివేత జరగలేదు గానీ వాదన నిలిచే ఉంది. అద్దె పద్ధతిలో నష్టం పంపిణీదారుడిది కనుక శనివారం ఉదయమే ఎత్తేయమని ఆయన ఫోన్ చేస్తాడు. శాతం పద్ధతిలో ఖాళీ హాలు కరెంటు బిల్లు థియేటర్ యజమానిది కనుక ఆ ఫోన్ ఆయన చేస్తాడు. ఎత్తేసే చెయ్యి మారుతుంది తప్ప శుక్రవారం బలహీనంగా మొదలయ్యే సినిమాకు ఒరిగేదేమీ లేదు. శాతం ఎంతన్నది వాళ్లూ వాళ్లూ తేల్చుకోవచ్చు, నేను చెప్పేవాణ్ని కాదు. ఆ ఒప్పందంలో చిన్న సినిమాను సోమవారం సెకండ్ షో దాకా కదిలించకూడదన్న ఒక్క షరతు చేరిస్తే మాత్రం, ఆ ఆదివారం రాత్రి బస్సెక్కిన ప్రింటు లాంటివి కొన్నయినా రెండో వారం చూస్తాయని నాకు అనిపిస్తుంది. బాబాయ్‌కి ఈ మాట చెబితే, సోమవారం కాదు, మంగళవారం దాకా అడగమన్నారు, బేరంలో ఒక రోజు ఎలాగూ తగ్గిస్తారట.